తిరిగొచ్చిన కవరును ఎవరు చదువుతున్నారు?

మేం కొన్న ఫ్లాట్‌ను అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ‘మాస్టారి ఫ్లాట్’ అనే అంటారు. రిజిస్ట్రేషన్ అయి మూడేళ్లు దాటింది. తలుపు మీద మా పేరు, ఇంటి పన్ను రసీదు మీద మా పేరు. అయినా వాచ్‌మన్ తెచ్చిచ్చే కవర్లలో సగం మాస్టారివే. బ్యాంకు నుంచి ఒకటి, ప్రీమియం గడువు గుర్తుచేస్తూ ఒకటి, ఏవో కంపెనీల నుంచి లావుపాటివి రెండు. ఆయన ఈ ఇల్లు అమ్మి, వనస్థలిపురంలో కూతురి దగ్గరికి వెళ్లిన నాలుగు నెలలకే పోయారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదట్లో ఏం చేయాలో తెలియక వాటిని చెప్పుల డబ్బాలో వేస్తూ వచ్చాను. పారేయడానికి మనసొప్పలేదు, విప్పడానికి చేతులు రాలేదు. ఐదు నెలలయ్యాక మాస్టారి భార్య ఫోన్ చేశారు. “బాబూ, మావారి పేరు మీద ఏమైనా కాగితాలు వస్తున్నాయా? వస్తే కాస్త తీసిపెట్టు నాయనా, నేనే వచ్చి పట్టుకెళ్తా” అన్నారు. రెండు బస్సులు మారి వచ్చారు. సోఫాలో కూర్చుని ఒక్కో కవరూ జాగ్రత్తగా చించి చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయి, కాగితం నా చేతికిచ్చారు. మాస్టారు ఎప్పుడో కొన్న షేర్ల మీద ఏడేళ్లుగా డివిడెండు ఎవరూ తీసుకోలేదని, ఫలానా తేదీలోగా స్పందించకపోతే షేర్లనే కేంద్ర ప్రభుత్వ నిధికి బదిలీ చేస్తామని అందులో ఉంది. ఆ తేదీ దాటి రెండు వారాలైంది. ఆ కవరు నా డబ్బాలో దాదాపు మూడు నెలలు ఉంది.

ఆ మధ్యాహ్నం నుంచి ఈ విషయాన్ని నేను చిన్నదిగా చూడలేకపోతున్నాను. పాత యజమానుల పేరుతో వచ్చే ఉత్తరాల గురించి మాట్లాడితే చాలామంది “చెత్తబుట్టలో పడేస్తే సరి” అంటారు. వచ్చేవాటిలో ఎక్కువ భాగం ప్రకటనలే కావచ్చు. కానీ ఏది ప్రకటనో, ఏది ఒక మనిషి జీవితకాలపు పొదుపో కవరు మీద రాసి ఉండదు.

2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు ఐఈపీఎఫ్ (పెట్టుబడిదారుల అవగాహన, రక్షణ నిధి) అనే కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. బదిలీకి కనీసం మూడు నెలల ముందు కంపెనీ, వాటాదారుడికి తన రికార్డుల్లో ఉన్న ఆఖరి చిరునామాకు సమాచారం పంపాలి, పేపర్లలోనూ ప్రకటన ఇవ్వాలి. బ్యాంకు డిపాజిట్లదీ ఇలాంటి దారే. పదేళ్లు ఎవరూ అడగని సొమ్ము రిజర్వ్ బ్యాంకు దగ్గరి ప్రత్యేక నిధికి చేరుతుంది. అలాంటి డిపాజిట్లను వెతుక్కోవడానికి రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ కూడా తెరిచింది. మంచి పనే. అయితే వెతకాలన్న ఆలోచన రావాలంటే, అలాంటి సొమ్మొకటి ఉందని ముందు తెలియాలి కదా. ఆ సంగతి చెప్పేది ఉత్తరమే. అది వెళ్లేదేమో ‘రికార్డుల్లో ఉన్న ఆఖరి చిరునామా’కు, అంటే మా ఇంటికి.

మన భాషలో మనిషికీ ఇంటికీ ఉన్న ముడి గట్టిది. వంశనామాన్ని ‘ఇంటిపేరు’ అంటాం. ఊళ్లలో కరణంగారి ఇల్లు మూడు చేతులు మారినా కరణంగారి ఇల్లే. పాతకాలపు పోస్ట్‌మ్యాన్‌కు ఈ ముడి అంతా తెలుసు. “ఆయన అమ్మేసి వెళ్లిపోయారు, కొడుకు పక్క వీధిలో ఉన్నాడు” అని కవరును తనే సరైన గడపకు చేర్చేవాడు. ఆయన పనిచేసింది మనుషుల్ని ఎరిగి ఉండటం వల్ల. ఇవాళ అపార్ట్‌మెంట్లలో పోస్ట్‌మ్యాన్ గేటు దాటి లోపలికి రావడమే తక్కువ. వాచ్‌మన్ కట్టగా తీసుకుంటాడు, ఫ్లాట్ నంబరు చూసి పంచుతాడు. కొరియర్ కుర్రాడికి ఓటీపీయో సంతకమో దొరికితే పని అయిపోయినట్టే. పేరు చదివేవాడు ఈ వరసలో ఎవరూ లేరు.

తపాలా శాఖ 2025 మే నెలలో తెచ్చిన డిజిపిన్ కూడా ఈ విషయంలో సాయపడదు. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. అంబులెన్సు దారి వెతుక్కోవడానికి ఎంతో ఉపయోగపడే ఏర్పాటు. కానీ ఆ కోడ్ చోటుదే, మనిషిది కాదని శాఖే చెబుతోంది. మనిషి గడి మారితే ఆ సంగతి గడికి తెలియదు.

మరి అలాంటి కవరు చేతికొచ్చినప్పుడు చేయాల్సిందేమిటి? విప్పకూడదు. పేరు కనిపించేలా ఉంచి చిరునామాను ఒక్క గీతతో కొట్టేసి, ‘ఈ చిరునామాలో లేరు, పంపినవారికి తిప్పి పంపగలరు’ అని రాసి పోస్ట్‌మ్యాన్‌కు ఇవ్వాలి. కొత్త చిరునామా తెలిస్తే అదే రాయొచ్చు. పోస్టాఫీసు భాషలో దీన్ని రీడైరెక్షన్ అంటారు. అసలు ఇల్లు మారుతున్న మనిషే తన డెలివరీ పోస్టాఫీసుకు దరఖాస్తు ఇచ్చి వెళ్లొచ్చు. ఈ వెసులుబాటు ఉందని మాస్టారికి ఎవరూ చెప్పలేదు. మా రిజిస్ట్రేషన్ చేయించిన డాక్యుమెంట్ రైటరూ చెప్పలేదు, మధ్యవర్తీ చెప్పలేదు, నాకూ తెలియదు. పంపినవారి చిరునామా కూడా లేని కవర్లు రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు చేరతాయి. అక్కడ మాత్రం వాటిని విప్పి, లోపల పంపినవారి ఆనవాలు ఏమైనా ఉందేమో చూస్తారు. ఇతరుల ఉత్తరం విప్పే అధికారం వాళ్లకు ఉంది, మనకు లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. వేరొకరి పేరుతో వచ్చినదానికి సంతకం పెట్టకండి. మొహమాటానికి వాచ్‌మన్ గిలికే సంతకం కూడా ప్రమాదమే. చెక్ బౌన్స్ కేసుల్లో పదిహేను రోజుల్లో డబ్బు కట్టాలన్న గడువు నోటీసు అందిన రోజు నుంచే మొదలవుతుంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే భావించవచ్చని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం నుంచి వస్తున్న సూత్రం. సుప్రీంకోర్టు 2007లో సి.సి. అలవి హాజీ కేసులోనూ దాన్నే బలపరిచింది. తనకు అందలేదని చూపించుకోవాల్సిన బరువు అవతలి మనిషి మీద పడుతుంది. పైగా ‘అందింది’ అన్నచోట మన ఇంటి సంతకం ఉంటే ఆ మనిషి ఏమని చెప్పుకోవాలి? 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కవరు మీద పేరున్న వ్యక్తికే లేదా ఆయన అధికారమిచ్చిన వారికే ఇవ్వాలనుకునేవారు ఇప్పుడు ‘రిజిస్ట్రేషన్’ను అదనపు సేవగా కోరాలి. కోరకపోతే చిరునామాలో ఎవరున్నా తీసుకోవచ్చు. అందుకే గేటు దగ్గరి సంతకం మీద మునుపటికన్నా జాగ్రత్త అవసరం.

చట్టం ఏమంటోందని చూస్తే నాకు ఆశ్చర్యం కలిగింది. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో 68వ సెక్షన్ ఉండేది. వేరొకరికి చేరాల్సిన తపాలాను దురుద్దేశంతో అట్టేపెట్టుకున్నా, దాచేసినా రెండేళ్ల వరకు జైలు. ఆ చట్టం స్థానంలో 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం దాదాపు నేరాలూ శిక్షలూ అన్నిటినీ వదిలేసింది. ఈ సెక్షన్ కూడా పోయింది. పొరుగువాడి కవరు పారేసినందుకు ఎవరో జైలుకు వెళ్లాలని నేను కోరుకోవడం లేదు. కానీ ఉత్తరం పవిత్రమైనది, అది చేరాల్సిన మనిషిదే అన్న మాట కొత్త చట్టంలో ఎక్కడో ఒకచోట ఉండాల్సింది. బ్రిటన్‌లో 2000 నాటి తపాలా సేవల చట్టం, పొరపాటున తన ఇంటికి వచ్చిందని తెలిసి కూడా హాని తలపెట్టి ఇతరుల ఉత్తరం విప్పడాన్ని నేరంగానే ఉంచింది.

అయినా నా ఫిర్యాదు ప్రధానంగా ఇళ్లలో ఉండేవారి మీద కాదు, పంపేవారి మీద. నేను తిప్పి పంపిన కవర్లను లెక్కపెట్టాను. ఒకే బ్యాంకుకు పద్నాలుగు నెలల్లో తొమ్మిది. పదోది కూడా వచ్చింది. ‘లెఫ్ట్ వితౌట్ ఇన్‌స్ట్రక్షన్స్’ (ఏమీ చెప్పకుండా వెళ్లిపోయారు) అని పోస్ట్‌మ్యాన్ రాతతో తిరిగి వెళ్లిన కవరు నిజానికి పెద్ద సమాచారం. మీ ఖాతాదారుడు అక్కడ లేడు, ఫోన్ చేసి కనుక్కోండి అని అది అరిచి చెబుతోంది. ఆ కవరు ఏ మూలన కట్టకట్టి పడేస్తున్నారో గానీ, ఖాతా వివరాల దాకా మాత్రం చేరడం లేదు. ఖాతాదారుడు కేవైసీ కాగితాలు ఇవ్వడం ఆలస్యమైతే వెంటపడే సంస్థలకు, తమ చేతికే తిరిగొచ్చిన రుజువును చదవాలన్న బాధ్యత ఉండొద్దా?

ఈ విషయంలో అమెరికాను చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లకు పాత యజమాని పేరు పక్కన ‘ఆర్ కరెంట్ రెసిడెంట్’ (లేదా ఇప్పుడు ఉంటున్నవారు) అన్న కవర్లు తెలిసినవే. పాత యజమాని చిరునామా మార్పు నమోదు చేసుకుని వెళ్తే ఫస్ట్ క్లాస్ ఉత్తరాలను తపాలా శాఖ ఏడాది పాటు కొత్త ఇంటికి చేరుస్తుంది. దానికన్నా ముఖ్యమైనది మరొకటి. తక్కువ ధరకు పెద్దమొత్తంలో ఉత్తరాలు పంపే సంస్థలు, పంపడానికి ముందు 95 రోజుల లోపు తమ జాబితాను చిరునామా మార్పుల పట్టీతో సరిచూసుకుని ఉండాలి. చూసుకోకపోతే రాయితీ దక్కదు. అంటే మనిషిని వెతికే బరువులో కొంత పంపేవాడి నెత్తిన పెట్టారు. మన దగ్గర ఆ బరువంతా వాచ్‌మన్‌ది, నాది, రెండు బస్సులు మారి వచ్చే పెద్దావిడది.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు. కరెంటు మీటరు. ఇల్లు కొన్నాక మ్యుటేషన్ (ఇంటి పన్ను రికార్డుల్లో పేరు మార్పు) మీద ఉండే శ్రద్ధ మీటరు పేరు మార్పిడి మీద ఉండదు. తాతగారి పేరుతో బిల్లు వస్తున్న ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. “కట్టేది మనమే కదా, పేరు ఎవరిదైతేనేం” అనుకుంటాం. కానీ రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లో రెండు నెలలు దాటని కరెంటు, నీటి, గ్యాస్ బిల్లులను కొన్ని సందర్భాల్లో చిరునామా రుజువుగా ఒప్పుకుంటారు. అంటే ఇల్లు అమ్మేసిన మనిషి పేరుతో ఈ ఇంట్లో ఉన్నట్టు ప్రతి నెలా కొత్త రుజువు పుడుతూనే ఉంటుంది. మాస్టారి లాంటివారైతే దానివల్ల నష్టం వాళ్లకే. అప్పులు ఎగ్గొట్టి వెళ్లినవాడైతే రికవరీ ఏజెంట్లు కొత్తగా చేరినవారి తలుపు కొడతారు. అప్పుతో సంబంధం లేని మనుషులను వేధించకూడదని, ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత అప్పు తీసుకున్నవారికే ఫోన్ చేయకూడదని 2022లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డవాడికి మీ సేల్ డీడ్ జిరాక్సు చూపించి, ఆ సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు దాచుకోవడం తప్ప మరో దారి లేదు. కొత్త ఇల్లు కొన్నవారు పాలు పొంగించిన వారంలోనే మీటరు మీద పేరు మార్పించుకోవాలని నేను అందరికీ చెబుతున్నాను.

ఈ మొత్తానికి ఒకే ఒక్క రోజున, ఒకే ఒక్క చోట చాలావరకు పరిష్కారం దొరుకుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మేవారు, కొనేవారు, సాక్షులు అందరూ వరసగా కూర్చునే రోజు అది. ఫొటోలు తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, ఆధార్ చూస్తారు. అమ్మేవారి కొత్త చిరునామా అడిగి, పోస్టాఫీసు రీడైరెక్షన్ దరఖాస్తు మీద అక్కడే ఒక సంతకం తీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అదే రోజు మీటరు పేరు మార్పూ నమోదైపోవాలి. ఓటరు జాబితాలో ఇల్లు మారడానికి ఫారం 8 ఉందని, బండి ఆర్‌సీలో చిరునామా మార్పును ముప్పై రోజుల్లో తెలపాలని ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి. లక్షల్లో స్టాంప్ డ్యూటీ తీసుకునే ప్రభుత్వానికి ఇదేమంత భారం కాదు. ఇక తిరిగొచ్చిన ప్రతి కవరునూ ఖాతాలో నమోదు చేయాలని, రెండోసారి తిరిగొస్తే ఫోన్, ఈమెయిల్, నామినీ ద్వారా మనిషిని వెతకాలని బ్యాంకులకు, బీమా సంస్థలకు, కంపెనీల తరఫున షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్లకు వాటి నియంత్రణ సంస్థలే గట్టిగా చెప్పాలి.

మాస్టారి భార్యకు ఆ రోజు నేను క్షమాపణ చెప్పాను. “నీ తప్పేముంది బాబూ, నువ్వు దాచబట్టే కదా ఈ సంగతైనా తెలిసింది” అన్నారు. ఆ కవరు వారం రోజుల్లో ఆవిడకు అంది ఉంటే కంపెనీకి దరఖాస్తు పెట్టుకుని, భర్త షేర్లు తన పేరు మీదికి మార్పించుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఐఈపీఎఫ్-5 అనే ఫారం నింపాలి. కంపెనీ ధ్రువీకరించాలి, ఢిల్లీలోని అథారిటీ ఆమోదించాలి. మరణ ధ్రువపత్రంలో మాస్టారి ఇంటిపేరు పొడి అక్షరంగా పడింది, షేర్ల కాగితాల్లో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలన్నారట. పోయిన నెల దాని కోసం నోటరీ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఫారంలో ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామా అన్న గడి దగ్గర ఆవిడ కాసేపు ఆగి, కూతురి ఇంటి నంబరు నెమ్మదిగా చదివి వినిపించారు, నేను రాశాను.