ఫేజ్ మందు పడిన రొయ్య తింటే మన జీన్స్ మారతాయంట!

విడవలూరు వైపు రొయ్యల గ్రూపుల్లో వారం నుంచీ ఒకటే ఫార్వర్డ్. వైబ్రియో అని రొయ్యలకి రోగం తెచ్చే బ్యాక్టీరియాకని గుంటల్లో పోసే ఫేజ్ మందు (ఫేజ్ అంటే బ్యాక్టీరియాని పట్టుకునే వైరస్) ఉండాదే, అందులో వైరస్ డీఎన్ఏకి కెమికల్ మార్పులు ఉన్నాయంట, సృష్టిలో డీఎన్ఏకి ఏ, టీ, జీ, సీ నాలుగే అక్షరాలు కాబట్టి ఇంకో అక్షరం కనపడితే అది ల్యాబ్‌లో పుట్టించిందేనంట, ఆ మార్పులు మన ఒంట్లో దూరేదానికేనంట, ఆ రొయ్య తింటే మన జీన్స్ కూడా మారిపోతాయంట. రాత్రి ఏరియేటర్ల దగ్గర మా బాబాయి ఇదంతా చదివి "ఏందిరా ఇది, బయోటెక్ చదివినావు గదా" అన్నాడు.

"కొత్త అక్షరం అంటే ల్యాబ్‌దే" అనేది శుద్ధ తప్పు. టీ4 అనే ఫేజ్‌లో, దాని అన్నదమ్ముల్లాంటి టీ2 లాంటి ఫేజుల్లో మామూలు సీ (సైటోసిన్) ఉండదు, దాని బదులు హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్ అనే మారిన సీ ఉంటుంది, వయట్, కోహెన్ అనే సైంటిస్టులు దీన్ని 1952లోనే పట్టుకున్నారు. డీఎన్ఏ డబుల్ హీలిక్స్ సంగతే 1953లో తేలింది, ఇంక జీన్స్ కత్తిరించి అతికించే ల్యాబ్ యాడుండాది అప్పుడు? ఎస్-2ఎల్ అనే ఫేజ్ అయితే ఏ అక్షరం మొత్తం తీసేసి జెడ్ అనే ఇంకో అక్షరం పెట్టుకుంది, అది 1977 నాటి మాట.

"మన ఒంట్లో దూరేదానికే మార్చుకుంటది" అని రెండోది. ఫేజ్ గొడవంతా బ్యాక్టీరియాతోనే సామీ. బ్యాక్టీరియా దగ్గర కత్తెరల్లాంటి ఎంజైములుంటాయి, బయటి డీఎన్ఏ లోపలికొస్తే ముక్కలు చేస్తాయి, అందుకని టీ4 తన సీల మీద గ్లూకోజ్ అతికించుకుంటది, కత్తెరకి పట్టు దొరకదు. 1952లోనే లూరియా, హ్యూమన్ అనే సైంటిస్టులు చూసింది ఇంకా బాగుంటది. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఒక రకంలో పెరిగొచ్చిన టీ2 ఫేజులు మామూలు ఈ.కోలైలో చచ్చిపోయినాయి, షిగెల్లా అనే ఇంకో బ్యాక్టీరియాలో మాత్రం బ్రహ్మాండంగా పెరిగినాయి, పైగా షిగెల్లాలో పుట్టిన పిల్లలు మళ్ళీ ఈ.కోలైలో బతికినాయి. ఆ మొదటి ఈ.కోలైకి గ్లూకోజ్ అందించే సరుకు తయారు చేసుకోవడం చేతకాదని తర్వాత తేలింది. అంటే జీన్ మారలా, గ్లూకోజ్ చొక్కా లేకుండా బయటికొచ్చాయి అంతే.

మన జీన్స్ సంగతి: ఫేజ్ పట్టుకునేది బ్యాక్టీరియా పైపొరని, మన కణానికి ఆ పొరే లేదు. ఫేజులు మన పేగుల్లో ఎప్పుడూ ఉండేవే. ఫార్వర్డ్ రాసినాయనకి తెలియంది ఏందంటే ఆ హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్ మన మెదడు కణాల్లో కూడా ఉండాది, 2009లో ఎలుకల మెదడులో చూపించారు, దాన్ని వెతికేదానికి వాడే ఎంజైము టీ4దే.

భయపడాల్సింది లేదా అంటే ఉంది, ఫార్వర్డ్‌లో లేనిది. కొన్ని ఫేజులు బ్యాక్టీరియాని చంపకుండా దాని డీఎన్ఏలోనే కాపురం పెడతాయి, కలరా టాక్సిన్ జీన్ మోసేది అట్టాంటి ఫేజే. కాబట్టి బాబాయ్, అడిగేదైతే డబ్బాలోది ఏ వైబ్రియో మీద పనిచేస్తది, చంపే రకమా కాపురం పెట్టే రకమా, అది అడుగు. వైట్ స్పాట్ అనే రొయ్యల రోగానికి కూడా ఇదే పోయమని ఎవరన్నా చెప్తే మాత్రం డబ్బులియ్యబాక, అది వైరస్ వల్ల వచ్చేది, ఫేజ్ ఆ వైరస్‌ని ముట్టుకోదు.