సైలెన్సర్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ సైలెన్సర్ గారికి,

కిరసనాయిలు కంపు వదలని చేతులతో అరుగు మీద కూర్చుని రాసుకుంటున్న విన్నపం. తమరు నా ఎదురుగానే బండికి సగం అంటుకుని, సగం వేలాడుతూ ఉన్నారు. కింద ఇటుక పెట్టాను. సౌకర్యంగానే ఉందనుకుంటాను.

తుప్పు విషయంలో తమరిని ఒక్క మాట అనను. ఇంటి నుంచి రైసు మిల్లుకి రెండు కిలోమీటర్లు. తమరి ఒళ్ళు వేడెక్కేలోపే బండి ఆపేస్తాను. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరై పుడుతుంది, ఆ ఆవిరి బయటికి పోక తమరి పొట్టలోనే నీరై కూర్చుంటుంది. చుట్టూ గోదారి పెట్టుకుని మళ్ళీ లోపలొక చెరువు! బయట అంతర్వేది సముద్రపు ఉప్పుగాలి. వరదల్లో కాజ్‌వే మీద తమరిని ఈదించిన పాపమూ నాదే. చివరికి సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కిస్తుంటే అడుగున రాసుకుని బొటనవేలు దూరేంత కన్నం పడింది.

వైద్యం చేశాను. నీళ్ళ ట్యాంకుకి పూసే ముద్ద పూస్తే వీధి చివరికి వెళ్ళేలోపు మాడి రాలిపోయింది. నూనె డబ్బా రేకు కోసి క్లిప్పులతో బిగిస్తే కాలవ లాకుల దగ్గర ఊడి, గుడి గంటలా మోగుతూ రోడ్డు వెంట దొర్లింది. మోత తగ్గుతుందని మా ఆవిడ అంట్లు తోమే స్టీలు పీచు కుక్కితే అది ఎదురింటి కోళ్ళ మీదకి ఎగిరింది. పక్కింటి కుర్రాడు మాత్రం "సగానికి కోసేద్దాం బాబాయ్, బుల్లెట్టులా కొడతాది" అన్నాడు. బండి మోత హద్దు దాటకూడదని రూలు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత దొరికితే 10,000 దాకా ఫైను. మా బండి అమ్మినా అంత రాదు.

సరే, విప్పి వెల్డింగ్‌కి పట్టుకెళదాం అనుకున్నాను. నా దరిద్రం అక్కడ మొదలైంది.

తమరిని ఇంజను హెడ్డుకి, అంటే ఇంజను పైభాగానికి, పట్టి ఉంచేవి రెండు నట్లు. రెండంటే రెండు. పొద్దున్న తొమ్మిదికి కిరసనాయిలు పోశాను. పదకొండుకి మళ్ళీ పోశాను. సుత్తితో మెల్లగా, పసిపిల్లాడికి జో కొట్టినట్టు కొట్టాను. మొదటి నట్టు పెద్దమనిషిలా వచ్చేసింది. రెండోదానికి పానా వేసి నొక్కితే కిర్రుమంది. అబ్బ, ఎంత హాయి శబ్దం అది! కదిలిందిరా అనుకున్నాను. ఇంకాస్త తిప్పితే పానా మెత్తగా, ఏ బరువూ లేకుండా, మైసూరుపాకులో చెంచా దిగినట్టు తిరిగింది.

ఆ మెత్తదనం ఎరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. స్టడ్డు, అంటే నట్టు బిగించే మరల కడ్డీ, విరిగింది. సగం నట్టులో, సగం హెడ్డు లోపల.

ఇనప స్టడ్డు, అల్యూమినియం హెడ్డు. పదకొండేళ్ళు వేడికీ తేమకీ కలిసి కాపురం చేశాయి, ఇప్పుడు విడిపొమ్మంటే పోతాయా? పట్టకారుతో పట్టుకుందామంటే పైకి మొనైనా మిగల్లేదు. డ్రిల్లు పెట్టి తీయాలి, గురి తప్పితే హెడ్డు పోతుంది. అసలు నువ్వెందుకు పట్టుకుని వేలాడుతున్నావురా? రోడ్డు మీద ఊడిపోవడానికి క్షణం పట్టదు నీ క్లిప్పులకి, అరుగు దగ్గర, మనిషి అన్నం మానుకుని బతిమాలుతుంటే మాత్రం ఊడవా? ఆదివారం, పులస కాకపోయినా చేపల పులుసే, చల్లారిపోయింది. రెండు రూపాయలు చేయని నట్టు! సిగ్గుండాలి! పేరు చూస్తే సైలెన్సరు, నీ వల్ల ఇవాళ నేను అరిచిన అరుపులు కాలవ అవతలి గట్టుకి వినిపించాయి.

మెకానిక్కుకి ఫోన్ చేశాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

"మీరు గానీ ముట్టుకున్నారేంటండీ?" అన్నాడు.

లేదని చెప్పాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
విరిగిన స్టడ్డు జేబులో వేసుకు తిరుగుతున్నవాడు.

తా.క.: ఆ ఇటుక తులసికోట దగ్గరదట. మా ఆవిడ అడుగుతోంది.