మహారాజశ్రీ సిఫార్సు గారికి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే కలం ఆడటం లేదు. కుశలం మీ ఒక్కరికే ఉంది.

ఈ మధ్యాహ్నం మూడు గంటలు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో బల్ల మీద కూర్చుని తుమ్మాను. ఘాటుకి సగం, సిగ్గుకి సగం. 12 రోజుల కిందట మీ పుణ్యమా అని నేను గుమస్తాగా పెట్టించిన కుర్రాడు నిన్న భోజనానికని వెళ్లి మళ్లీ రాలేదు. ఫోన్ స్విచాఫ్. షావుకారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మజ్జిగ తెప్పించి, రైతుల సరుకుకి డబ్బు లెక్కకట్టే పట్టీ పుస్తకం నా ముందు తెరిచి పెట్టాడు. కాటా దగ్గర తేజ రకం మిర్చి 43 టిక్కీలు, అంటే బస్తాలు. పట్టీలో 34. ఆ తొమ్మిది టిక్కీల డబ్బు కోసం వినుకొండ అవతల నుంచి బస్సెక్కి వచ్చిన రైతు, తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఆయనా ఏమీ అనలేదు.

"ముందు నాలుగు పద్దులు రాయించి చూడాల్సింది కదండీ" అన్నాను షావుకారుతో, నెపం ఎటైనా తోద్దామని.

"మీరు చెప్పారుగా మాస్టారూ. ఇంక నేను చూసేదేముంది!"

ఈ మాట ఉంది చూశారూ, చేపముల్లులా గొంతులో దిగబడి ఉంది. ఇంతకీ నేనేం చెప్పాను? "మనవాడే. నెమ్మదస్తుడు. లెక్కల్లో దిట్ట. చేతిరాత ముత్యాలు." వాడు మా తోడల్లుడి మేనల్లుడు. పెళ్లిలో కాళ్లకు దండం పెట్టి, పప్పు వడ్డించాడు. లెక్క చేస్తుండగా నేనెప్పుడు చూశాను? పక్కనే లాం ఫారం పరిశోధన కేంద్రం వాళ్లు 334 రకం మిరపని పండించి, తెగుళ్లు చూసి, దిగుబడి చూసి గానీ రైతు చేతికివ్వలేదు. నేను పెరుగన్నం కలుపుకునేలోపు మనిషికి సర్టిఫికెట్ ఇచ్చేశాను.

మీ మిగతా లీలలు సరే. అమెరికా చదువులకి సిఫార్సు లేఖ పిల్లాడే టైపు చేసుకొస్తాడు, సంతకం పెట్టేటప్పుడు గానీ సారుకి వాడి పేరు తెలియదు. కొత్తపేటలో డాక్టరు దగ్గర "ఫలానా వారు పంపారని చెప్పండి" అంటే చెప్పాను. ఫీజూ తగ్గలేదు, క్యూ తగ్గలేదు. పోనీండి.

కానీ పని దొరికిన రోజు స్వీటు డబ్బాతో వచ్చినవాడు, మానేసిన రోజు ఒక్క ఫోన్ చెయ్యలేడా? 36 ఏళ్లు బడిలో సంపాదించుకున్న నా మాటని ఆ కాటా మీద పడేసి పోయాడు. సిగ్గు లేదటయ్యా నీకు? వాడికి లేదు సరే. నీకు? నాకు?

అయినా నిన్ను పూర్తిగా తిట్టలేను. 1986లో నాకు తొలి ఉద్యోగం నీ వల్లే వచ్చింది. మా హెడ్మాస్టారు సైకిలు మీద ఎక్కించుకుని అరండల్‌పేట బడికి తీసుకెళ్లి, "వీడికి కోపమెక్కువ, ఇంగ్లీషు తక్కువ. ఆల్జీబ్రా మాత్రం నాకంటే బాగా చెబుతాడు" అన్నారు. అక్కడితో వదిలారా? నెలకోసారి వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వినేవారు. ఆయన పరువెక్కడ పోతుందోనని రెండేళ్లు జ్వరమొచ్చినా బడి మానలేదు.

రేపూ ఎల్లుండీ యార్డుకి సెలవు. పట్టీ పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. 12 రోజుల పద్దులూ మొదటి నుంచి కూడుతున్నాను. ఏడో రోజు దగ్గర ఇంకో తప్పు దొరికింది.

చేతిరాత మాత్రం ముత్యాలే.

ఇట్లు,
జామీను పడినవాడు