ఆర్లింగ్టన్ కంచు శిల్పంలో ఉన్నది నల్లజాతి సైనికుడు కాదు

వాషింగ్టన్‌కు ఎదురుగా, పొటోమాక్ నది వర్జీనియా ఒడ్డున ఉన్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానం గురించి ఒక వాదన ఏళ్లుగా తిరుగుతోంది. సారాంశం ఇది: "అక్కడి కాన్ఫెడరేట్ స్మారకం మీద ఒక నల్ల సైనికుడు యూనిఫాం వేసుకుని తెల్లవాళ్లతో కలిసి నడుస్తుంటాడు. నల్ల సైనికులకు దక్కిన తొలి గౌరవాల్లో అదొకటి. అంతర్యుద్ధంలో వేలమంది నల్లవాళ్లు దక్షిణాది పక్షాన ఇష్టపడి పోరాడారు. ఆ శిల్పాన్ని తీసేస్తే వాళ్లను చరిత్రలోంచి తుడిచేసినట్టే." కాన్ఫెడరేట్లంటే 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలవాళ్లు; వాళ్లతో పోరాడిన అమెరికా ప్రభుత్వ పక్షం యూనియన్. 2023 డిసెంబరులో ఆ కంచు శిల్పాన్ని దించినప్పుడూ, 2025 ఆగస్టులో మళ్లీ నిలబెడతామని అమెరికా రక్షణ మంత్రి ప్రకటించినప్పుడూ ఇది జోరందుకుంది. ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లి చూపించే చోట్లలో ఆర్లింగ్టన్ ఒకటి. అక్కడ నిలబడి వాళ్లకు తప్పు చెప్పకూడదు. అందుకే ఒక్కో ముక్కా విప్పి చూద్దాం.

మొదట శిల్పంలోని మనిషి సంగతి. స్మారకాన్ని చేయించింది యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే మహిళా సంఘం. చెక్కింది మోజెస్ ఎజెకియెల్, స్వయంగా కాన్ఫెడరేట్ పక్షాన పోరాడినవాడు. 1914 జూన్ 4న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సమక్షంలో దాన్ని ఆవిష్కరించారు. ఆ ఏడాదే స్మారక సంఘం తరఫున హిలరీ హెర్బర్ట్ దాని చరిత్ర రాశాడు. అతను మాజీ కాన్ఫెడరేట్ కల్నల్, తర్వాత నౌకాదళ మంత్రి. ఆ నల్ల మనిషి ఎవరో అతను దాచలేదు: చిన్న దొర వెంట యుద్ధానికి వెళ్లే నమ్మకస్తుడైన నౌకరు అని రాశాడు. అంటే ఊడిగం చేసే బానిస. అదే వరసలో ఒక తెల్ల అధికారి నల్ల దాది చేతుల్లో ఉన్న తన బిడ్డను ముద్దాడుతుంటాడు. దక్షిణాదిలో యజమానికీ బానిసకూ ఎంత ప్రేమగా ఉండేదో చూపించడమే ఉద్దేశం అని కూడా హెర్బర్టే చెప్పాడు. శిల్పం పెట్టించినవాళ్లే అంత స్పష్టంగా చెప్పుకున్నాక, వందేళ్ల తర్వాత ఇంకెవరో వచ్చి అతన్ని సిపాయిని చేస్తే చెల్లదు.

"వేలమంది పోరాడారు" అన్నది ఇంకా పెద్ద తప్పు. దీన్ని కూలగొట్టడానికి కాన్ఫెడరేట్ చట్టమే చాలు. నల్లవాళ్లను సైనికులుగా తీసుకోవచ్చని వాళ్ల రాజధాని రిచ్మండ్‌లోని కాన్ఫెడరేట్ కాంగ్రెస్ చట్టం చేసింది 1865 మార్చి 13న. అమలు ఉత్తర్వు మార్చి 23న వచ్చింది. ఏప్రిల్ 3కల్లా రిచ్మండ్ పడిపోయింది, 9న వాళ్ల ముఖ్య సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. ఆ మధ్యలో రిచ్మండ్ వీధుల్లో కవాతు చేసింది కొద్దిమందే. అంతకుముందు, 1864 జనవరిలో, జనరల్ పాట్రిక్ క్లీబర్న్ ఇదే ప్రతిపాదన తెస్తే కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ దాన్ని బయటికి పొక్కనీయకుండా అణిచేశాడు. 1865 జనవరిలో జనరల్ హోవెల్ కాబ్ అయితే, బానిసలు మంచి సైనికులవుతారంటే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పే అని ఉత్తరం రాశాడు. వేలమంది అప్పటికే తుపాకులు పట్టి పోరాడుతుంటే ఇంత గొడవ ఎందుకు పడతారు?

మరి మస్టర్ రోల్స్‌లో, అంటే సైనిక హాజరు జాబితాల్లో, నల్లవాళ్ల పేర్లు కనిపిస్తాయే అంటారు. కనిపిస్తాయి. పొరపాటు పుట్టేదే అక్కడ. 1862 ఏప్రిల్ 21 నాటి కాన్ఫెడరేట్ చట్టం ప్రకారం సైన్యంలో ఒక్కో కంపెనీకి (చిన్న దళానికి) నలుగురు వంటవాళ్లను పెట్టుకోవచ్చు. తెల్లవాడైనా నల్లవాడైనా, స్వతంత్రుడైనా బానిసైనా సరే. బానిసైతే మాత్రం యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. వాద్యగాళ్లు, బండివాళ్లు కూడా ఇలాగే జాబితాలకెక్కారు. కాబట్టి పేరు కనపడగానే ఆగకుండా హోదా గడి చదవండి. పింఛన్ కాగితాలదీ ఇదే కథ. మిసిసిపీ 1888 నుంచి, టెనెసీ, సౌత్ కరోలినా, వర్జీనియా, నార్త్ కరోలినా 1920లలో నల్లవాళ్లకు పింఛన్లు ఇచ్చాయి, నిజమే. ఇచ్చింది నౌకర్లుగా. మిసిసిపీ దరఖాస్తులో 'ఎవరికి సేవ చేశావు' అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

"లూసియానా నేటివ్ గార్డ్స్, 1861" పేరుతో తిరిగే ఫొటో శుద్ధ అబద్ధం. అది ఫిలడెల్ఫియాలో సుమారు 1864లో తీసిన యూనియన్ నల్ల సైనికుల బొమ్మ. పక్కన నిలబడ్డ తెల్ల అధికారిని కత్తిరించేసి, కొత్త పేరు తగిలించారు. నేటివ్ గార్డ్స్ అనే దళం న్యూ ఆర్లియన్స్‌లో నిజంగానే ఉండేది. స్వతంత్రులైన నల్లవాళ్ల రాష్ట్ర మిలీషియా అది. కాన్ఫెడరేట్ సైన్యం దాన్ని తనలో కలుపుకోలేదు. 1862లో నగరం యూనియన్ చేతికొచ్చాక వాళ్లలో కొందరు యూనియన్‌లోనే చేరారు.

ఇక "తుడిచేయడం". దించింది కంచు భాగాన్నే. చుట్టూ ఉన్న సమాధులు కదలకూడదని గ్రానైట్ దిమ్మను అక్కడే ఉంచారు. వలయాలుగా పరిచిన కాన్ఫెడరేట్ సమాధులు 16వ విభాగంలో అలాగే ఉన్నాయి. విల్సన్ ఆ శిల్పాన్ని ఆవిష్కరించిన రోజుల్లో నల్ల సైనికుడు చనిపోతే ఆర్లింగ్టన్‌లో వేరు విభాగంలోనే పూడ్చేవారు. ఆ వివక్ష 1948 దాకా సాగింది. ఆ స్మారకంలో నల్ల సైనికుడికి గౌరవం వెతికేవాళ్లు మొదట ఈ మాటకు జవాబు చెప్పాలి.

ఆ నల్ల సైనికుల సమాధులు ఉన్నది 27వ విభాగంలో. యూనియన్ సైన్యంలోని నల్ల దళాలైన యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్‌కు (యు.ఎస్.సి.టి.) చెందిన సుమారు 1,500 మంది అక్కడ ఉన్నారు. యూనియన్ సైన్యంలో మొత్తం 1,79,000 మంది దాకా నల్లవాళ్లు చేరారు. దాదాపు 40,000 మంది చనిపోయారు, అందులో సుమారు 30,000 మంది రోగాలతోనే. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు ఇస్తుంటే వీళ్లకు 10 ఇచ్చి, బట్టల పేరుతో 3 కోసేవారు. 1864 జూన్‌లో గానీ అమెరికా కాంగ్రెస్ దాన్ని సరిచేయలేదు. వర్జీనియాలోని న్యూ మార్కెట్ హైట్స్ పోరులో మెడల్ ఆఫ్ ఆనర్ (అమెరికా అత్యున్నత సైనిక పతకం) గెలిచిన జేమ్స్ హారిస్ సమాధి ఇక్కడే ఉంది.

రాళ్లను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాన్ఫెడరేట్ రాయి పైభాగం కోసుగా ఉంటుంది. యూనియన్ రాయి పైభాగం కాస్త వంపు తిరిగి, ముఖాన లోపలికి చెక్కిన డాలు ఉంటుంది. అందులో పేరు, కింద యు.ఎస్.సి.టి. అక్షరాలు. 'సిటిజన్', 'సివిలియన్' అని ఉంటే బానిసత్వం నుంచి బయటపడి ఆర్లింగ్టన్ ఎస్టేట్‌లోనూ చుట్టుపక్కలా బతికిన మామూలు జనం. వాళ్లు దాదాపు 3,800 మంది. వాళ్లను సైనికుల లెక్కలో కలపకండి.

పేరు దొరికాక నేషనల్ పార్క్ సర్వీస్ సైనికుల జాబితాలో రెజిమెంట్ సంఖ్య పట్టుకోండి. ఆ సంఖ్యతో నేషనల్ ఆర్కైవ్స్‌లో సర్వీస్ రికార్డు తెరవండి. వయసు, ఎత్తు, పుట్టిన చోటు, చేరిన చోటు అందులో ఉంటాయి. బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే ఉండిపోయిన సరిహద్దు రాష్ట్రాల నుంచి వచ్చినవాడైతే యజమాని పరిహారం కోరుతూ పెట్టిన అర్జీ కూడా దొరకొచ్చు. ఒకే పేరుతో చాలామంది ఉంటారు, ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది, యుద్ధం తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే పేరొక్కటే చూసి తేల్చేయకుండా రెజిమెంట్, కంపెనీ, చేరిన చోటు కలిశాయో లేదో చూడండి.

27వ విభాగం శ్మశానానికి ఉత్తరం కొసన, ఆర్డ్-వైట్జెల్ గేటు దగ్గర ఉంటుంది. ఆ వైట్జెల్ నల్ల సైనికులతో నిండిన 25వ కోర్ అనే పెద్ద యూనియన్ దళానికి సేనాని. 1865 ఏప్రిల్ 3న రిచ్మండ్‌లోకి మొదట అడుగుపెట్టిన యూనియన్ దళాల్లో అతని నల్ల సైనికులు ఉన్నారు.