ఫొటోలో ఇంటి అడ్రస్ ఉండదు పిన్నీ

పోయిన ఆదివారం పొద్దున్నే మదనపల్లె నుంచి మా పిన్ని ఫోన్. బాగున్నావా అని కూడా అడగలేదు. "ఏమిరా, ఆ లొకేషన్ ఆపేసినావా లేదా?" అంది. ఏ లొకేషన్ పిన్నీ అంటే, "ఫొటోల్లో ఉంటాదంట కదా, గ్రూపులో వచ్చింది, చూసుకోలేదా" అని కోప్పడింది. చూశాను. ఇక్కడ బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అప్పటికే రెండుసార్లు, ఆఫీసు తెలుగువాళ్ల గ్రూపులో ఒకసారి వచ్చి కూర్చుంది ఆ మెసేజ్. పైన మూడు ఎర్ర సైరన్లు, కింద "మీ ఆత్మీయులందరికీ పంపండి".

అందని అదృష్టవంతుల కోసం అందులో ఏముందో చెప్తాను. ఫోన్‌తో తీసిన ప్రతి ఫొటోలో మీ ఇంటి అడ్రస్ దాగి ఉంటుందట. దాన్ని వాట్సాప్‌లో ఎవరికి పంపినా వాళ్లకి మీ ఇల్లు తెలిసిపోతుందట. జీపీఎస్ ఆన్‌లో ఉంటే శాటిలైట్లు మిమ్మల్ని కనిపెట్టుకునే ఉంటాయట. ఫొటోలో పడిన లొకేషన్‌ను ఎవరూ మార్చలేరట, కోర్టులో దానికి తిరుగులేదట. అమెరికాలో ఒక కోటీశ్వరుణ్ణి ఇలాగే పట్టుకున్నారట. కాబట్టి ఫోన్‌లో లొకేషన్ ఇప్పుడే పూర్తిగా ఆపేయాలట.

ఇందులో నా స్వార్థం ఒకటుంది, అది ముందే చెప్పేయాలి. సెలవొస్తే కెమెరా మెడలో వేసుకుని చెరువుల చుట్టూ పిట్టల కోసం తిరిగే బాపతు నేను. అందరూ ఫొటోలోంచి లొకేషన్ ఎలా తీసేయాలా అని చూస్తుంటే, నేను లేనిదాన్ని ఎలా ఎక్కించాలా అని తంటాలు పడుతుంటాను. అందుకే ఈ మెసేజ్ చూస్తే నాకు భయం కంటే చిరాకు ఎక్కువ.

"ప్రతి ఫొటోలో మీ ఇంటి అడ్రస్ ఉంటుంది"

ఉండదు. ఫొటో ఫైల్లో బొమ్మతో పాటు ఎగ్జిఫ్ అని ఒక చీటీ లాంటిది ఉంటుంది. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం పెట్టిన పద్ధతి అది. ఏ కెమెరా, ఎన్ని గంటలకు, షటర్ ఎంత వేగం, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. లొకేషన్‌కి కూడా గడులున్నాయి. లాల్‌బాగ్‌లో తీసిన ఫొటో అయితే ఆ గడుల్లో 12 డిగ్రీల 57 నిమిషాలు ఉత్తరం, 77 డిగ్రీల 35 నిమిషాలు తూర్పు, పక్కన సెకన్లు, ఇలా అంకెలు పడతాయి. ఇంటి నంబరు, వీధి పేరు, మీ పేరు పడవు.

ఆ అంకెల్ని మ్యాప్‌లో కొడితే ఇల్లు దొరకదా అంటారా? ఇంట్లో తీసిన ఫొటో అయితే దొరుకుతుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. ఆ డిగ్రీల్నే దశాంశాల్లో రాస్తే, పాయింటు తర్వాత రెండు అంకెలుంటే కిలోమీటరు తేడాలో ఉన్నట్టు, నాలుగుంటే 11 మీటర్ల తేడాలోకి వచ్చేసినట్టు. ఆకాశం తేటగా కనబడే చోట ఫోన్ అయిదు మీటర్ల అటూ ఇటూగా చెప్పగలదు. మా వైపు లాగా మూడు అపార్ట్‌మెంట్ టవర్ల మధ్య ఇరుక్కుంటే అంత నికరంగా చెప్పలేదు. ఏదేమైనా, కెమెరా యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటేనే ఆ గడులు నిండుతాయి. లేకపోతే ఖాళీ. కాబట్టి ఆ వాక్యంలో మొదటి మాట "ప్రతి" కూడా తప్పే.

"వాట్సాప్‌లో పంపితే దొరికిపోతారు"

అసలు విషయం ఇక్కడుంది. మెసేజ్ రాసినవాళ్లు సరిగ్గా ఇక్కడే తలకిందులుగా చెప్పారు.

వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే అది దాన్ని కుదించి కొత్త ఫైల్ చేస్తుంది. ఆ కొత్త ఫైల్లోకి లొకేషన్ చీటీ రాదు. నమ్మకపోతే మీరే చూడండి. లొకేషన్ ఉన్న ఫొటోను ఇంట్లోవాళ్లకి పంపి, వాళ్ల ఫోన్‌లో దాని వివరాలు తెరిచి చూడండి. మ్యాప్ కనబడదు. ఇప్పుడు అదే ఫొటోను క్లిప్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి. ఈసారి మ్యాప్ మీద గుర్తుతో సహా వస్తుంది. డాక్యుమెంట్ అంటే ఫైల్‌ను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు పంపడం కదా మరి.

"క్లారిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పెట్టండి" అని పెళ్లి ఫొటోలకి అడుగుతాం చూడండి, అప్పుడు వెళుతుంది లొకేషన్. ఈమెయిల్‌కి తగిలించినప్పుడు, గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ పెట్టి లింక్ ఇచ్చినప్పుడు కూడా చాలాసార్లు అసలు ఫైలే వెళుతుంది కాబట్టి చీటీ కూడా వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెట్టిన ఫొటోను చూసే జనానికి ఆ అంకెలు అందవు, కానీ కంపెనీ మాత్రం ఎక్కించేటప్పుడే చదువుకుంటుంది. ఫార్వర్డ్‌లో వీటిలో ఒక్క మాటా లేదు. భయపడాల్సిన పనిలేని చోట మూడు సైరన్లు మోగించి, కాస్త చూసుకోవాల్సిన చోట నోరు మెదపలేదు.

"శాటిలైట్లు చూస్తుంటాయి"

చూడవు. జీపీఎస్ శాటిలైట్లు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, నేను ఇక్కడున్నాను, టైమ్ ఇంత, అని చాటింపు వేస్తుంటాయి. ఫోన్ ఆ చాటింపు విని లెక్క కట్టుకుంటుంది, తిరిగి జవాబివ్వదు. రేడియోలో వార్తలు వింటే మీరు విన్నట్టు ఆకాశవాణికి తెలుస్తుందా? సిమ్ లేకపోయినా, చాలా ఫోన్లలో ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా జీపీఎస్ పనిచేసేది అందుకే. లెక్క కట్టుకున్న ఆ లొకేషన్‌ను ఇంటర్నెట్ ద్వారా ఎవరికైనా చెప్పేది మీ ఫోన్‌లోని యాప్‌లు. అది వేరే కథ, శాటిలైట్ల మీద వేయకండి.

"లొకేషన్‌ను ఎవరూ మార్చలేరు, కోర్టులో తిరుగులేదు"

నేను వారానికోసారి మారుస్తాను.

నా కెమెరాలో జీపీఎస్ లేదు. పాతది. కొత్త కెమెరాలు కొన్ని కంపెనీ యాప్ ద్వారా బ్లూటూత్‌లో ఫోన్ నుంచి లొకేషన్ తీసుకుంటాయి, నాకు ఆ వైభోగం లేదు. అందుకని ఫోన్‌లో దారి రికార్డు చేసే యాప్ ఒకటి ఆన్ చేసి జేబులో వేసుకుంటాను. ఎన్ని గంటలకు ఎక్కడున్నానో అది జీపీఎక్స్ అనే ఫైల్లో రాస్తూ పోతుంది. ఇంటికొచ్చాక ఆ ఫైలూ కెమెరా ఫొటోలూ లాప్‌టాప్‌లో వేస్తే, ఫొటో తీసిన టైమ్‌నీ దారిలోని టైమ్‌నీ జత చేసి సాఫ్ట్‌వేర్ ఖాళీ గడులు నింపుతుంది. ఎగ్జిఫ్‌టూల్ అని ఫిల్ హార్వీ రాసిన ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఈ పనికి నేను అదే వాడతాను.

అంతా టైమ్ మీదే నడుస్తుంది. కెమెరా గడియారం ఎప్పుడూ కాస్త తప్పే చూపిస్తుంది. అందుకే నడక మొదలెట్టే ముందు ఫోన్‌లో సెకన్లతో సహా గడియారం తెరిచి, దాన్నే కెమెరాతో ఒక ఫొటో తీస్తాను. మొన్న ఫొటోలో ఫోన్ 6:31:40 చూపిస్తుంటే, ఆ ఫొటో మీద కెమెరా వేసుకున్న టైమ్ 6:29:25. రెండు నిమిషాల పదిహేను సెకన్లు వెనకబడింది. ఆ మాత్రానికేనా అనుకోకండి, మామూలు నడకలో అది 150 మీటర్లు. ఈ గట్టు మీది నీటికాకి ఆ మూల తూము దగ్గర తేలుతుంది. ఆ తేడా సాఫ్ట్‌వేర్‌కి చెబితే సర్దుకుంటుంది.

ఇదంతా అలవాటు కాకముందు ఒకసారి సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్లి చెరువుకి వెళ్లాను. పొద్దున ఆరున్నరకి గూడబాతులు బాగా దొరికాయి. ఇంట్లో పూజకి పూలు కావాలంటే అటునుంచి అటే కె.ఆర్. మార్కెట్‌కి వెళ్లాను, జేబులో యాప్ ఆపడం మరిచిపోయి. రాత్రి కూర్చుని ఫొటోలకి లొకేషన్ ఎక్కించి మ్యాప్ తెరిస్తే, గూడబాతులన్నీ కె.ఆర్. మార్కెట్ పూల కొట్ల మీద వాలి ఉన్నాయి.

ఏమైందంటే, జీపీఎక్స్ ఫైల్ టైమ్ రాసుకునేది మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో. కెమెరా రాసేది మన గోడ గడియారం టైమ్, అది ఏ దేశం టైమో చెప్పకుండా. నేను టైమ్ జోన్ గడిని సున్నా దగ్గరే వదిలేశాను. ఆరున్నరకి అయిదున్నర గంటలు కలిసి మధ్యాహ్నం పన్నెండయింది. పన్నెండింటికి నేను మూర చామంతులకి బేరమాడుతున్నాను. కంప్యూటర్ దృష్టిలో గూడబాతులు కూడా అక్కడే.

ఆ ఫొటో ఎవరికైనా ఇస్తే, అంకెలు పక్కాగా ఉంటాయి, మీటర్లతో సహా. అబద్ధం అని దాని మొహాన రాసి ఉండదు. పొరపాటున నేను చేయగలిగింది కావాలని ఇంకొకరు చేయలేరా? ఉపాధి హామీ పనుల్లో లొకేషన్‌తో కూడిన హాజరు ఫొటోలు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. పనివాళ్ల బదులు పాత ఫొటోనే మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. లొకేషన్ సరైనదే, మనుషులే లేరు! ఇక కోర్టు మాటకొస్తే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఇవ్వాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఇచ్చాక కూడా దాన్ని నమ్మాలా వద్దా అనేది విచారణలో తేలాల్సిందే. ఫొటో దానంతటదే ఏదీ తేల్చదు.

"అమెరికా కోటీశ్వరుణ్ణి పట్టుకున్నారు"

ఇది సగం నిజం, అందుకే బాగా అతుక్కుంటుంది. ఆ మనిషి జాన్ మెకఫీ, మెకఫీ యాంటీవైరస్ పెట్టినాయనే. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో పక్కింటాయన హత్య కేసులో విచారణకి పోలీసులు వెతుకుతుంటే పారిపోయాడు. 2012 డిసెంబరులో ఆయనతో తిరుగుతున్న వైస్ పత్రికవాళ్లు ఫోన్‌తో తీసిన ఫొటోను చీటీతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేశారు. అంకెలు పక్కదేశం గ్వాటెమాలాను చూపించాయి, రెండు రోజులకే అక్కడ అరెస్టయ్యాడు. అంటే అసలు ఫైల్‌ను ఊరందరి ముందూ పెట్టడం వల్ల దొరికాడు, ఎవరికో మెసేజ్‌లో ఫొటో పంపడం వల్ల కాదు. ఇంకో సంగతి, ఆ అంకెలు నేనే మార్చి పెట్టాను అని ఆయన మొదట బుకాయించాడు. మార్చడం సాధ్యమే కాబట్టి ఆ బుకాయింపు చెల్లుతుందనుకున్నాడు.

"లొకేషన్ పూర్తిగా ఆపేయండి"

ఆపేస్తే ఆటో బుకింగ్‌కీ, ఫోన్ పోతే వెతకడానికీ ఇబ్బంది. పాత ఫొటోల్లో ఉన్నది ఎలాగూ పోదు. ఫొటోల్లో వద్దనుకుంటే కెమెరా ఒక్కదానికి అనుమతి తీసేస్తే చాలు. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్ నొక్కి, ఆ ఒక్క ఫొటో వరకు లొకేషన్ తీసేసి పంపొచ్చు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫొటోలు చదివే యాప్‌లకి లొకేషన్ గడులు ప్రత్యేకంగా అనుమతిస్తేనే కనబడతాయి.

మా గ్రూపులో ఈ మెసేజ్ రెండోసారి పెట్టిన పెద్దాయన ఒకరున్నారు. ఆ సాయంత్రమే బేస్‌మెంట్‌లో అడ్డంగా నిలిపిన స్కూటర్ ఫొటో పెట్టారు. కింద మ్యాప్ ముక్క, అపార్ట్‌మెంట్ పేరు, రోడ్డు, పిన్ కోడ్, అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైమ్, అన్నీ అచ్చు పడి ఉన్నాయి. ఫొటో మీదే అడ్రస్ కొట్టే కెమెరా యాప్ వాడతారాయన. అది చీటీలో రాసింది కాదు, బొమ్మలో భాగం, కాబట్టి వాట్సాప్ కూడా తీసేయలేదు.

పిన్నికి ఇంత చెప్పలేదు. కెమెరాకి అనుమతి ఎక్కడ తీసేయాలో చెప్పి, నేనైతే లేని ఫొటోల్లో కూడా లొకేషన్ పెట్టుకుంటానని మాత్రం అన్నాను. విని, కాసేపాగి, "లేని ఫొటోలో పెట్టొచ్చంటివే, పాతవాట్లో కూడానా?" అని అడిగింది. తాతయ్య పొలంలో బావి గట్టు మీద 2006లో డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటో ఒకటుంది ఆమె దగ్గర. బావి పూడ్చేసి చాలా ఏళ్లయింది. వీడియో కాల్‌లో లాప్‌టాప్ మ్యాప్ చూపిస్తుంటే, "ఆ చింతచెట్టు కాడ నుంచి కిందికి రా... ఇంకా... ఆ దారి దాటొద్దు... ఆడ, ఆడే" అంది. గూగుల్ ఫొటోస్‌లో గుర్తు పెడితే అది అక్కడి వరకే, డౌన్‌లోడ్ చేసిన ఫైల్లోకి రాదు. అందుకని అంకెలు తీసుకుని ఎగ్జిఫ్‌టూల్‌తో ఫైల్లోనే రాశాను. వాట్సాప్‌లో తిరిగి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాను.