కూలి అడిగితే పని మీద గౌరవం లేనట్టా?

2025 డిసెంబరు 31న పలు నగరాల్లో డెలివరీ కార్మికులు సమ్మె చేసినప్పటి నుంచి ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. "పని మీద గౌరవం ఉన్నవాడు కూలి కోసం గొడవ చేయడు. బండి నడపడం వస్తే చాలు, అదేమీ నైపుణ్యం కాదు. కష్టపడితే నెలకు యాభై వేలు వస్తాయి. వాళ్లు స్వతంత్రులు, నచ్చకపోతే మానేయవచ్చు" అన్నది దాని సారం. పద్నాలుగు నెలలు హైదరాబాదులో డెలివరీ బ్యాగు మోసినవాడిగా నాకు ఇందులో ఒక్క మాట కూడా సమ్మతం కాదు.

నైపుణ్యం మాటే ముందు చెబుతాను. చేరిన మొదటి వారంలో ఒక పెద్దావిడకు సగం ఒలికిపోయిన సాంబారు అందించాను. "వానలో వచ్చావు, పరవాలేదు నాయనా" అన్నారు. తిట్టి ఉంటే మరిచిపోయేవాడినేమో, ఆ మాట మాత్రం రెండు రోజులు నన్ను వెంటాడింది. ఆ తర్వాత బ్యాగు అడుగున పాత తువ్వాలు పరిచి, బిర్యానీ డబ్బాలను ఇరువైపులా ఆనించి, మధ్యలో సాంబారు, రైతా పొట్లాలను నిలబెట్టి సర్దడం నేర్చుకున్నాను. ఏ అపార్ట్‌మెంటులో ఏ గేటు నుంచి రానిస్తారో, ఏ సందులో నీళ్లు నిలిస్తే మ్యాన్‌హోల్ కనబడదో నోటికి వచ్చింది. ఈ శ్రద్ధకు ఎవరూ పైసా ఇవ్వలేదు. నా చేతి మీదుగా వెళ్లే అన్నం చెదరకూడదన్న పంతమే చేయించింది. హోటళ్ల ముందు నాతోపాటు ఆర్డరు కోసం నిలబడిన చాలామందిలో అదే పంతం చూశాను.

వాళ్లే సమ్మెకూ దిగారు. ఇందులో వైరుధ్యం ఎక్కడుంది? గోడ కాస్త వంకరొచ్చినా తానే పడగొట్టి మళ్లీ కట్టే తాపీ మేస్త్రీ, సాయంత్రం కూలిలో ఒక్క రూపాయి తగ్గినా ఒప్పుకోడు. అతనికి పని మీద గౌరవం లేదని ఎవరమూ అనం. కూలి అడగనివ్వకుండా చేయించుకునే పనిని మన పెద్దలు వెట్టి అన్నారు.

ఇక యాభై వేలు. 2026 జనవరి మొదట్లో జొమాటో సహ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయలే చెప్పిన లెక్క ప్రకారం, 2025లో టిప్పులు కాక గంటకు సగటు సంపాదన 102 రూపాయలు. రోజుకు పది గంటల చొప్పున 26 రోజులు పనిచేసి, పెట్రోలుకు, బండి ఖర్చులకు 20 శాతం తీసేస్తే మిగిలేది సుమారు 21 వేలు. అదే లెక్కన యాభై వేలు చేతికి రావాలంటే సెలవన్నది లేకుండా రోజుకు 20 గంటలు పనిచేయాలి. ఆ సందేశం పంపుతున్నవారు ఒక్కసారి ఈ లెక్క చేసి చూడాలి.

స్వతంత్రులన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది. ధర నేను చెప్పలేదు, దూరం నేను ఎంచుకోలేదు. కస్టమరు తప్పు చిరునామా పెడితే నా ఐడీ మూడు రోజులు బ్లాక్ చేశారు. మొర పెట్టుకుందామంటే ఫోనులో ముందే రాసిపెట్టిన జవాబులు తప్ప మనిషి గొంతు వినబడలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి అనే కేంద్ర చట్టం గిగ్ కార్మికులను, అంటే మాలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లను గుర్తించింది, వారి సంక్షేమానికి కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలంది. కనీస వేతన హక్కు మాత్రం అందులో లేదు.

నచ్చకపోతే మానేయవచ్చు నిజమే, నేను మానేశాను. మర్నాడు మరొకరు ఆ బ్యాగు తగిలించుకున్నారు, రేటు మారలేదు. సమ్మె చేసినవాళ్లు అడిగిన వాటిలో పది నిమిషాల డెలివరీ ఎత్తివేయాలన్నది ఒకటి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జోక్యం చేసుకున్నాక, సరుకులు ఇంటికి చేర్చే బ్లింకిట్ యాప్ తన ప్రచారంలోంచి ఆ పది నిమిషాల మాట తీసేసింది. మానేసి వెళ్లిపోయిన నాలాంటివాళ్లం దాన్ని తీయించలేకపోయాం.