ఒక్క అంతస్తులోనే అంతస్తు

ఇల్లంటే ఏమిటో తెలియనివాళ్ళే మేడలు కడతారు. ఈ సత్యం నాకు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, రిటైరయ్యేదాకా తీరని అప్పు మీద సంతకం పెట్టిన సాయంత్రం బోధపడింది. మాది ఐక్లర్ ఇల్లు. ఆ ముక్క అన్నాక రెండు క్షణాలు ఆగి ఎదుటివాళ్ళ మొహంలోకి చూడాలి. మా పేటలో అది మర్యాద.

జోసెఫ్ ఐక్లర్ వెన్న, గుడ్ల టోకు వ్యాపారంలోంచి వచ్చినవాడు. 1940లలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన ఓ ఇంట్లో అద్దెకుండి, ఇలాంటిది మామూలు ఉద్యోగస్తుడికి మాత్రం ఎందుకుండకూడదనుకున్నాడు. అనుకుని, కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్ళు కట్టించాడు. రంగూ మతమూ చూడకుండా కొనగలిగినవాడికల్లా అమ్మాడు. ఆ విషయంలో బిల్డర్ల జాతీయ సంఘంతో పేచీ వచ్చి 1958లో దానికి రాజీనామా ఇచ్చాడు. ఈ ఒక్క సంగతి దగ్గర నేను వెక్కిరించను. ఇక మామూలు ఉద్యోగస్తుడంటారా, అప్పట్లో 20,000 డాలర్ల లోపు కూడా దొరికిన ఇల్లు ఇప్పుడు 20 లక్షలు దాటింది. ఆ ఉద్యోగస్తుడు గంటన్నర దూరంలో కాపురముంటూ మా కప్పు బాగుచేయడానికి వస్తున్నాడు.

కప్పంటే గుర్తొచ్చింది. మా ఇంటికి అటక లేదు. లోపల కనిపించే చెక్కపలకలే సీలింగు, వాటి పైన కాస్త పూత, ఆ పైన ఆకాశం. మొదటి వానకే గిన్నెలు పరిచాం. అటక లేదు కనక పెళ్ళినాటి గుండిగలూ, ఆవకాయ జాడీలూ, పాత సూట్‌కేసులూ గ్యారేజీలో ఉంటాయి. కారు వీధిలో ఉంటుంది.

నేల కింద వేడినీళ్ళ గొట్టాలు. చలికాలం చెప్పుల్లేకుండా తిరిగితే అరికాళ్ళకి స్వర్గం. కొరియా యుద్ధం రోజుల్లో రాగి దొరక్క కొన్ని ఇళ్ళకి ఇనుప గొట్టాలు వేశారట, అవి తుప్పుపట్టి ఎప్పుడో పోయాయి. మాది 1961 నాటి ఇల్లు, రాగి గొట్టం. కనక కాస్త పరువుగా కారుతుంది.

వీధిలోంచి చూస్తే మా ఇంటికి ఒక్క కిటికీ కనబడదు. గ్యారేజీ తలుపూ, పక్కన నారింజరంగు వాకిలీ, అంతే. వెనకవైపు మాత్రం నేల నుంచి కప్పుదాకా అద్దమే. అందువల్ల పక్కవాడు మేడ కడితే మా సంసారం మొత్తం వాడికి సినిమా. ఈ ప్రమాదం గ్రహించిన ఇంటివాళ్ళు తామే సంతకాలు పోగుచేసి, ఈ ఊళ్ళో కొన్ని పేటలకి రెండో అంతస్తు కూడదనే నిబంధన తెప్పించుకున్నారు. మన దగ్గర స్లాబు వేసిన ప్రతివాడూ రేపటి అంతస్తు కోసం చువ్వలు పైకి వదిలేస్తాడు. మా పేటలో పైకి చూడటమే నామోషీ.

అమ్మ వచ్చిన రెండోనాడు వేంకటేశ్వరస్వామి పటం పెట్టడానికి హాల్లో మేకు కొట్టబోయింది. రెండు దెబ్బలు పడ్డాయో లేదో పక్కింటాయన ప్రత్యక్షమయ్యాడు. గోడకి అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఇది మొదటినాటి మహాగనీ పలక," అన్నాడు. గొంతు జీరబోయింది. అమ్మకి ఇంగ్లీషు రాకపోయినా ఎవరో పోయారనుకుని సుత్తి కిందపెట్టేసింది. స్వామివారు ప్రస్తుతం ఫ్రిజ్ మీద కొలువై ఉన్నారు. అది మొదటినాటిది కాదు.

ఆ పలకలు ఇంగువ పోపుని కూడా భద్రంగా దాచుకుంటాయి. ఆదివారం సాంబారు గురువారందాకా గోడలోంచి వస్తుంది.

ఇంటికి అసలు ప్రాణం ఏట్రియం. వాకిలి తీసుకుని లోపలికొస్తే మళ్ళీ ఆకాశమే. నాలుగు పక్కలా గదులు, మధ్యలో పైకప్పు లేని చోటు, అందులో గులకరాళ్ళు, ఓ కుండీ. ఐక్లర్ ఇళ్ళల్లో ఇది 1950ల చివర్లో వచ్చింది. ఇది ఉన్న ఇంటికి బేరం ఎక్కువ. నాన్న దాని నడుమ నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"ఒరేయ్, ఇది మండువా కదరా."

"ఏట్రియం నాన్నా."

"మరి వాన పడితే నీళ్ళెటు పోతాయి?"

"తూముంది."

"మండువాయే."

కోనసీమలో మా తాతగారి మండువా లోగిలిని 1994లో నాన్నే పడగొట్టించాడు. ఇంటి మధ్య చిల్లేమిటి, వానొస్తే బురద, మనుషులు నవ్వుతున్నారని. దాని చోట డాబా వేశాడు, నా కోసం చువ్వలు వదిలాడు. నేనిక్కడికి వచ్చి, ఇంటి మధ్య చిల్లుకి నెలనెలా వాయిదా కడుతున్నాను. ఆ చువ్వలు అక్కడ తుప్పుపడుతున్నాయి.

వెళ్ళేరోజు విమానాశ్రయంలో సామాను తూకం వేయిస్తూ నాన్న అడిగాడు.

"ఇంతకీ ఆ డాబా మీద పై అంతస్తు వేయించమంటావా, లేకపోతే స్లాబుకి నడిమధ్య కన్నం కొట్టించమంటావా? మేస్త్రీకి ఏదో ఒకటి చెప్పాలి."